వెచ్చని గోడ

గోడకు ఆనించిన చేతిని గాబరక్క చటుక్కున తీసేసింది. చెంగుకు తుడుచుకుని మళ్ళీ ఆనించింది. వెచ్చగానే ఉంది.

ప్రార్థన మందిరం వెనక కొత్తగా కట్టిన హాలుకు ఆదివారం ప్రతిష్ఠ. ఆ హాలు పక్కన ఉన్న పిల్లల గదిలో, రంగులు వేసినవాళ్ళు నేలంతా చిందించిపోయిన మరకలను ఆమె బ్లేడుతో గీకుతోంది. నేల అద్దంలా ఉండాలని సంఘపెద్ద హుకుం. గీకి గీకి మోకాళ్ళు పట్టేస్తే, లేవడానికి గోడ ఆసరా తీసుకుంది. గోడంతా చల్లగా ఉంది గానీ ఆ ఒక్కచోట, బెంచీ మీద కూర్చున్న పిల్లల తల ఆనేంత ఎత్తులో, అరచేయంత మేర మాత్రం జ్వరం తగిలిన నుదురులా ఉంది.

ఆమె గుండె గుభేలుమంది. గాబరక్క గుండె గుభేలుమనడం వింతేమీ కాదు. గ్యాసు కట్టేశానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వెళ్ళే మనిషి. తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా పోయి, తిరిగొచ్చి మళ్ళీ లాగి చూసే మనిషి. మబ్బు పడితే పైకప్పు కురుస్తుందేమో అంటుంది, ఎండ కాస్తే బావి ఎండుతుందేమో అంటుంది. సంఘంలో అందరూ కలిసి ఆ పేరు పెట్టేశాక, అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. ఆమె భయాల్లో నిజమెంతో ఎవరికీ తెలియదు. తెలిసే వీలు లేకుండా ఆమె ముందే వెళ్ళి అన్నీ కట్టేసి వస్తుంది మరి.

గోడకు అవతల టీ గది. అక్కడ పెద్ద కరెంటు బాయిలరులో నీళ్ళు మరుగుతున్నాయి. హాలులో పాటల బృందం ఆదివారం పాటలు సాధన చేస్తోంది. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, లైట్లన్నీ వెలుగుతున్నాయి. గాబరక్క బ్లేడు కింద పడేసి, వరండాలో వడ్రంగితో మాట్లాడుతున్న సంఘపెద్ద దగ్గరికి పరిగెత్తింది.

"పెద్దయ్యా, పిల్లల గదిలో గోడ కాలుతోందండీ. ఒక్కసారి వచ్చి చూడండి."

"వస్తున్నానమ్మా," అన్నాడు పెద్దయ్య. ఆయనకు ఊళ్ళో ఇనుప సామాన్ల కొట్టుంది. బేరగాడికి చెప్పినట్టే ఎవరికైనా వస్తున్నానంటాడు. వడ్రంగితో కిటికీల సంగతి, కిటికీల మీంచి రాజకీయాల సంగతి, అన్నీ అయ్యాక గాని కదల్లేదు. ఈలోగా పాటలయ్యాయి, టీలయ్యాయి, కరెంటు దండగని ఎవరో బాయిలరూ ఫ్యాన్లూ కట్టేశారు. పెద్దయ్య వచ్చి గోడ మీద చెయ్యి వేసేసరికి అది బుద్ధిమంతురాలిలా చల్లబడి కూర్చుంది.

"ఏదమ్మా వేడి?"

"ఇందాక ఉందండీ."

"ఇందాక ఉండి ఇప్పుడేమైంది, ఊరెళ్ళిందా?" పెద్దయ్య నవ్వాడు. వెనకే వచ్చిన వడ్రంగీ నవ్వాడు. "నీ చెయ్యే వేడిగా ఉండుంటుంది. జ్వరమేమో చూసుకో. అయినా ఈ వైరింగు వేసిందెవరు? నీ మరిదే కదా. రూపాయి పుచ్చుకోకుండా దేవుడి కోసం చేశాడు. అతను చేసిన పనికి వంక పెడతావేంటమ్మా?"

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఏటా ఒక ఆదివారం కానుకల పెట్టె పక్కనపెట్టి, బల్ల మీద తెల్లగుడ్డ పరుస్తారు. దాన్ని తలాంతుల ఆదివారం అంటారు. దేవుడు తలా ఒక నేర్పు ఇచ్చాడు గనక, ఎవరికొచ్చిన పని తాలూకు వస్తువు వాళ్ళు తెచ్చి ఆ గుడ్డ మీద పెట్టి, "ఇది నా దగ్గరుంది, ఇక మనందరిదీ" అనాలి. దర్జీ కత్తెర, మేస్త్రీ తాపీ, వడ్రంగి ఉలి. ఇక ఆ ఏడాదంతా ఎవరికి ఆ పని అవసరమైనా మొహమాటం లేకుండా అడగొచ్చు. ఈ కొత్త హాలు అలా లేచిందే. ఈసారి తలాంతుల ఆదివారమూ ప్రతిష్ఠా కలిసొచ్చాయి.

గాబరక్క ఏటా చీపురు పెడుతుంది. ఆమె చీపురు పెట్టినప్పుడల్లా వెనక వరసల్లో ఎవరో ఒకరు కిసుక్కుమంటారు. ఆ రోజు పాస్టరు అయ్యగారు చదివే వాక్యభాగం ఏటా ఒకటే. యజమాని ఇచ్చిన ఒక్క తలాంతునూ భయపడి మట్టిలో పాతిపెట్టి, చివరకు చీకట్లోకి తోయించుకున్న దాసుడి సంగతి. 'భయపడి' అన్న మాట దగ్గరకు వచ్చేసరికి అందరూ తననే చూస్తున్నారనిపించి ఆమె తల దించుకుంటుంది.

*

సాయంత్రం మరిది అన్నానికి కూర్చున్నాడు. భర్త పోయినప్పటి నుంచీ గాబరక్క ఉండేది ఆ ఇంటి వెనక గదిలోనే. తోడికోడలు వడ్డిస్తుంటే ఆమె గుమ్మం దగ్గర నిలబడి, ఎలా మొదలుపెట్టాలా అని మంచినీళ్ళ చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చింది.

"బాబూ, హాల్లో ఒక గోడ వేడెక్కుతోంది."

మరిది చేతిలో ముద్ద ఆగింది. "ఏ గోడ?"

"పిల్లల గదిది. టీ గది వైపుది."

అతను ముద్ద కంచంలో పెట్టేశాడు. అప్పుడు వచ్చింది కోపం. "గోడన్నాక వెచ్చబడదా? మొన్న కదా గిలాబా చేసింది, ఇంకా ఆరుతోంది. నీకు తెలిసినదానికీ తెలియనిదానికీ తేడా లేదా వదినా?"

ఆరే గోడ చల్లగా ఉంటుంది గాని వేడెక్కదని గాబరక్కకు కూడా తెలుసు. కానీ ఆమె మనసు అక్కడ లేదు. అతను ముందుగా అడిగింది, ఏ గోడ అని. ఏమీ ఎరగనివాడైతే, గోడ వేడెక్కడమేంటని కదా అడగాలి?

"అన్నం దగ్గరా ఈ మాటలు, అక్కా?" అంది తోడికోడలు.

"వదినా, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు మరిది గొంతు తగ్గించి. "నా దగ్గరన్నావు, సరిపోయింది. బయట మాత్రం అనకు. పెద్దయ్య కొత్తగా కట్టే షాపుల పని నాకే ఇస్తానన్నాడు. ఈ పని మాట మీద నడిచే పని. వాడు వైరింగు చేసిన గోడ కాలుతుందట అని ఒక్క నోట వచ్చిందా, ఇక నన్నెవరూ గడప తొక్కనివ్వరు. అప్పుడు నేనూ, నీ చెల్లెలూ, పాపా, నువ్వూ ఏం తింటాం?"

ఆ 'నువ్వూ' అన్న మాట మెత్తగానే అన్నాడు. అయినా అది సూటిగా వెళ్ళి తగలాల్సిన చోటే తగిలింది. గాబరక్క చెంబు కింద పెట్టేసింది.

పాప మాత్రం హుషారుగా ఉంది. "పెద్దమ్మా, మేం ఆ గదిలోనే కూర్చుంటాం తెలుసా! గోడ దగ్గర బెంచీ మాదే. అందరూ తలాంతులు పెట్టేదాకా చప్పుడు చెయ్యకుండా కూర్చుని, అప్పుడు పాడుకుంటూ రావాలి. తలుపు కూడా మూసేస్తారు, ఎవరికీ కనపడకూడదని."

"నోరు మూసుకుని అన్నం తిను," అన్నాడు తండ్రి. తను మాత్రం తినలేదు. కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

*

మర్నాడు గాబరక్క తాళంచెవి తీసుకుని ఒంటరిగా హాలుకు వెళ్ళింది. బాయిలరు నిండా నీళ్ళు పోసి స్విచ్చి వేసింది. ఫ్యాన్లన్నీ, లైట్లన్నీ వేసింది. పిల్లల గదిలోకి వెళ్ళి, పాప చెప్పిన బెంచీ మీద కూర్చుని, గోడకు అరచెయ్యి ఆనించి, దేవుడా నా అనుమానమే తప్పు కావాలి అని కళ్ళు మూసుకుంది.

మొదట గోడ చల్లగానే ఉంది. తన పిచ్చి గాని ఏమీ లేదనుకుంది. పెద్దయ్య అన్నట్టు జ్వరమేమో అనుకుని రెండో చేత్తో నుదురు చూసుకుంది. అవతల నీళ్ళు గుయ్యిమనడం మొదలైంది. నీళ్ళ చప్పుడు పెరిగేకొద్దీ అరచేతి కింద గోడ మెల్లగా మేలుకుంది. గోరువెచ్చనైంది. వెచ్చనైంది. ఇక చెయ్యి ఆనించి ఉండలేనంతైంది. ఆ పైన పిల్లలు అతికించిన కాగితం పువ్వు ఒకటి జిగురు వదిలి, గోడ మీంచి జారి ఆమె ఒళ్ళో పడింది. పువ్వు ఊడిన చోట కొత్త రంగు పసుపు తిరిగి ఉంది. కాలిన ప్లాస్టిక్కు వాసన సన్నగా, ఉందా లేదా అన్నట్టు, ముక్కుకు తగిలింది.

ఆమె పరిగెత్తుకెళ్ళి బాయిలరు కట్టేసి, ప్లగ్గు పీకేసి, ఫ్యాన్లు కట్టేసి, కట్టేసినవన్నీ మళ్ళీ చూసి, వరండా మెట్ల మీద కూలబడింది. ఆదివారం ఆ గది తలుపులు మూసి ఉంటాయి. పిల్లల తలలు వరసగా ఆ గోడకు ఆని ఉంటాయి. ఆ వరసలో పాప ఉంటుంది.

అయ్యగారు చేతిలో మడతల కాగితంతో మందిరంలోంచి వస్తూ ఆమెను చూశారు. "ఏంటమ్మా అలా ఉన్నారు?"

చెప్పేయాలనుకుంది. నోటి దాకా వచ్చింది. కానీ బయటికొచ్చింది వేరే ప్రశ్న. "అయ్యగారూ, ఆ దాసుణ్ణి చీకట్లోకి తోసేశారు కదండీ. భయపడటం అంత తప్పా?"

ఆయన బుర్రలో ఆదివారం పనులు చాలా ఉన్నాయి. "భయపడినందుకు కాదమ్మా తోసింది. పాతిపెట్టినందుకు."

"అయితే అయ్యగారూ..." అని ఆమె లేచి నిలబడే లోపే పెద్దయ్య స్కూటరు వచ్చి ఆగింది. "ఇదిగో, కరెంటాయన వదినగారు ఇక్కడే ఉన్నారే!" అన్నాడు ఉత్సాహంగా. "అయ్యగారూ, ఆదివారం ఈమె మరిదికి అందరి ముందూ శాలువా కప్పాలండీ. నా షాపుల పనీ అతనికే." ఆమె తల ఊపి ఊరుకుంది.

వాళ్ళు వెళ్ళాక, మాట్లాడటానికి ధైర్యం లేని మనిషి చేసే పనే ఆమె చేసింది. బాయిలరు వైరు ఊడదీసి, చుట్టచుట్టి, సంచిలో కూరగాయల కింద దాచుకుని ఇంటికి వచ్చేసింది. వైరు లేకపోతే బాయిలరు లేదు. బాయిలరు లేకపోతే గోడ వేడెక్కదు. టీలు పొయ్యి మీద పెట్టుకుంటారు. ఎవరి పరువూ పోదు. జన్మలో మొదటిసారి దొంగతనం చేసి, అది దేవుడి సొమ్ము కావడంతో ఆమెకు ఆ భయం ఒకటి అదనంగా చేరింది.

*

ఆదివారం హాలు కిటకిటలాడింది. ఆరాధన మొదలయ్యే ముందు గాబరక్క టీ గదిలోకి తొంగిచూసింది. బాయిలరు మరుగుతోంది. దాని పక్కన ఇంకో బాయిలరూ మరుగుతోంది.

"ఎవరో వైరు పోగొట్టారట," అంది పెద్దయ్య భార్య కప్పులు పేరుస్తూ. "మా ఆయన కొట్లోంచి కొత్తది పట్టించుకొచ్చాను. ఇంతమందికి ఒకటేం చాలుతుందని మా ఇంటిది కూడా తెచ్చాను. వెళ్ళి కూర్చో, ఈ పూటకు నేను చూసుకుంటాలే."

పిల్లల గది తలుపులు మూసేశారు. లోపలి నుంచి గుసగుసలు, ఎవరో ఉష్ అనడం వినిపించింది. గాబరక్క ఆ తలుపుకు దగ్గరగా, వరస చివర కూర్చుంది. పక్కన తోడికోడలు, ఆ పక్కన ఇస్త్రీ చొక్కాలో మరిది. అతని చూపు ముందున్న బల్ల మీద కాక, మాటిమాటికీ ఆ తలుపు మీదికే పోతోంది.

ప్రార్థన అయింది. పాట అయింది. ఒక్కొక్కరే లేచి బల్ల దగ్గరికి వెళ్తున్నారు. దర్జీ కత్తెర పెట్టి, "ఇది నా దగ్గరుంది, ఇక మనందరిదీ" అంది. మేస్త్రీ తాపీ పెట్టాడు. వడ్రంగి ఉలి పెట్టి, దాని పదును గురించి కూడా చెప్పబోతే అయ్యగారు చిరునవ్వుతో ఆపారు. ప్రతి ఒక్కరికీ చప్పట్లు. ఇంకా ఎంతమందో. గాబరక్క గోడ వైపు ముక్కు తిప్పి వాసన పీల్చింది. కొత్త రంగు వాసన, పూల వాసన, కాఫీపొడి వాసన. వాటి అడుగున ఉందా? ఉంది. లేదు. ఉంది.

మరిది వంతు వచ్చింది. టెస్టరు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. చప్పట్లు అన్నిటికంటే గట్టిగా మోగాయి. అనాల్సిన మాట గబగబా గొణిగి, పెద్దయ్య శాలువా విప్పేలోపే తిరిగొచ్చి కూర్చున్నాడు. అతని మెడ మీద చెమట పట్టి ఉండటం ఆమె చూసింది. ఫ్యాను సరిగ్గా అతని నెత్తి మీదే తిరుగుతోంది.

"ఇంకెవరైనా ఉన్నారా?" అన్నారు అయ్యగారు.

గాబరక్క లేచింది. ఎలా లేచిందో ఆమెకే తెలియదు. బల్ల దాకా నడిచేసరికి ఊరు దాటినంతైంది. ఆమె చేతులు ఖాళీగా ఉండటం చూసి వెనక వరసల్లో అలవాటుగా కిసుక్కుమన్నారు.

"చీపురు మరిచిపోయారా అమ్మా?" అన్నారు అయ్యగారు దయగా.

"లేదండీ. ఈసారి తేలేదు." ఆమె ఖాళీ అరచెయ్యి తెల్లగుడ్డ మీద పెట్టింది. "నా దగ్గరున్నది భయమొక్కటేనండీ. ఇన్నాళ్ళూ సిగ్గేసి చీపురు తెచ్చాను. ఇవాళ భయమే తెచ్చాను. ఇది నా దగ్గరుంది, ఇక మనందరిదీ."

హాలంతా ఘొల్లుమంది. పెద్దయ్య కూడా శాలువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆమె ఆ నవ్వు మీదుగా గొంతు పెంచింది. ఆమె గొంతు అంత పెద్దదని ఎవరూ అనుకోలేదు.

"పిల్లల్ని ఆ గదిలోంచి బయటికి తెండి. గోడలో ఏదో కాలుతోంది. ముందు పిల్లల్ని తెండి, తర్వాత నన్ను చూసి ఎంతసేపైనా నవ్వుకోండి."

నవ్వు ఆగింది. "కూర్చోమ్మా, కూర్చో, మంచి రోజున..." అంటూ పెద్దయ్య లేచాడు. ఎవరో ఆమె చెయ్యి పట్టుకోబోయారు. సరిగ్గా అప్పుడే మరిది లేచి నిలబడ్డాడు. ఆమె వైపే వస్తున్నాడు. అయిపోయింది, ఇక ఆ ఇంట్లో నాకు చోటు లేదు అనుకుని గాబరక్క కళ్ళు మూసుకుంది.

అతను ఆమెను దాటిపోయి పిల్లల గది తలుపు తోశాడు.

"పాపా, లే. అందరూ లేవండి. బయటికి పదండి, గబగబా."

పిల్లలు తమ వంతు వచ్చిందనుకుని పాట అందుకున్నారు. పాడుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ హాలులోకి వచ్చి, పెద్దవాళ్ళ మొహాలు చూసి ఒక్కొక్కరే పాట ఆపేశారు. పాప చివర వచ్చింది. "వీపు చుర్రుమంది నాన్నా," అంది. తోడికోడలు ఒక్క ఉదుటున వచ్చి పిల్లను ఎత్తుకుంది.

మరిది గోడ మీద చెయ్యి వేసి, వెంటనే లాక్కున్నాడు. గోడ మీద పసుపు మరక ఇప్పుడు గోధుమరంగుకు తిరిగింది. అతను బోర్డు దగ్గరికి వెళ్ళి మెయిను దించేశాడు. ఫ్యాన్లు నెమ్మదించి ఆగాయి. అతను బల్ల దగ్గరికి వచ్చి మేస్త్రీ తాపీ తీసుకుని, లోపలికి వెళ్ళి, ఆ మరక మీద గిలాబా పెళ్ళగించాడు. పెళ్ళ ఊడి కింద పడింది. లోపల నల్లగా మాడిన తీగ, కరిగి కారిన టేపు. వాసన ఇక ఎవరి ముక్కునూ దాటిపోలేదు.

"ఇక్కడికి వచ్చేసరికి తీగ దూర్చే గొట్టం అయిపోయింది," అన్నాడు గోడకే చెబుతున్నట్టు. "తీగా అయిపోయింది. వేరేవాళ్ళ ఇళ్ళల్లో మిగిలిన ముక్కలుంటే అతికి, వట్టి గోడలోనే పూడ్చేశాను. ఊరికే చేసే పనే కదా అనుకున్నాను." తాపీ కింద పెట్టి, "వదిన మొన్ననే చెప్పింది. నేనే నోరు మూయించాను," అన్నాడు.

ఫ్యాన్లు లేని హాలులో ఉక్కపోత తెలుస్తోంది. అప్పుడు వడ్రంగి, ఎవరూ చూడటం లేదనుకుని, తను చేసిన బెంచీ కాలు పట్టుకుని కదిపాడు. అది కదిలింది. మేస్త్రీ తల ఎత్తి గుమ్మం పైనున్న కమాను చూసి, దాని కింద నిలబడ్డ ముసలాయన్ని మెల్లగా పక్కకు జరిపాడు. పెద్దయ్య భార్య మొగుడి కొట్లోంచి తెచ్చిన కొత్త వైరు చేత్తో తడిమి, ఆయన వైపు ఒక చూపు చూసింది. శాలువా చేతిలోనే ఉండిపోయిన పెద్దయ్య దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మడతలు పెడుతున్నాడు. అయ్యగారు తన చేతిలోని ప్రసంగం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మడతల దగ్గర నలిగిన ఆ కాగితం నిరుటిది.

"ఈ పూట ప్రసంగం లేదు," అన్నారాయన. "బయట నీడలో కూర్చుందాం. పిల్లలు పాట పూర్తి చేస్తారు."

*

ఇంటిదారిలో తోడికోడలు పాపను దించకుండా ఎత్తుకునే నడుస్తోంది. మరిది వెనకాల వస్తున్నాడు. అతని చెప్పుల చప్పుడు వింటూ గాబరక్క మనసులోనే తన చీరలు మడతపెట్టుకుంది. పిల్లలు బతికారు. అంతకంటే ఏం కావాలి? కానీ రేపటి నుంచి ఎక్కడ? పెద్దయ్య షాపుల మాట ఎత్తకుండానే స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. ఈ ఇంటి కూడు తన నోటితోనే పడగొట్టింది. ఇక మరిది ఏమన్నా పడాల్సిందే అనుకుంది.

ఇంటికి వచ్చాక అతను చెప్పులు విప్పలేదు. ముందుగదిలో లైటు వేశాడు, ఫ్యాను వేశాడు. వంటింట్లోకి వెళ్ళి అక్కడా వేశాడు. ఇస్త్రీపెట్టె తెచ్చి ప్లగ్గులో పెట్టి దాని స్విచ్చి కూడా వేశాడు. ఏం చేస్తున్నాడో అర్థంకాక ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"వదినా."

"ఆఁ."

"ఈ ఇంటి వైరింగు కూడా నేనే వేశాను."

"తెలుసు బాబూ."

"అప్పుడూ మిగిలిన ముక్కలే." అతను ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. "నా చేతికి తెలియడం లేదు. గోడలు నువ్వొకసారి చూస్తావా?"

గాబరక్క చెంగుకు చెయ్యి తుడుచుకుంది. తుడుచుకుని, ముందుగా పాప పడుకునే గదిలోకి వెళ్ళింది.